పాత ల్యాప్‌టాప్ అమ్మేసే ముందు మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒక్కసారి ఆలోచించాలి



ఈ మధ్య మన గ్రూపులో ఒకే రకం మెసేజ్ పదే పదే వస్తోంది. "అన్నా, నా ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 ఉంది. సపోర్ట్ అయిపోయిందని చూపిస్తోంది. విండోస్ 11 ఎక్కదంట. షాపులో అడిగితే ఇక పనికిరాదు, ఇచ్చేసి కొత్తది తీసుకో అంటున్నారు. ఏం చేయమంటారు?" అడిగేవాళ్లలో డిగ్రీ పిల్లలున్నారు, బీటెక్ వాళ్లున్నారు, డీఎస్సీకి, గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్న అక్కలున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు చెప్పే కన్నా, హాస్టళ్లలో చదువుకుని పైకొచ్చిన మేము కొంతమందిమి కలిసి కూర్చుని ఈ పోస్టు రాస్తున్నాం. కొంచెం పెద్దదే. ఓపిగ్గా చదవండి.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. మీ ల్యాప్‌టాప్ బాగానే ఉంది. దాని లోపలి ఆపరేటింగ్ సిస్టమ్‌కి మాత్రమే గడువు తీరింది. ఆ సిస్టమ్ మార్చుకుంటే అదే మెషిన్ ఇంకొన్నేళ్లు పనిచేస్తుంది. కానీ ఆ మార్పు ఎవరికి వాళ్లు ఒంటరిగా గదిలో కూర్చుని చేసుకునేది కాకూడదు. మనం కలిసి చేసుకోవాలి.

అసలు ఏం జరిగిందో చూద్దాం. మైక్రోసాఫ్ట్ విండోస్ 10ని 2015లో తెచ్చింది. 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు సపోర్ట్ ఆపేసింది. సపోర్ట్ ఆగిందంటే ఆ రోజు నుంచి కంప్యూటర్ ఆన్ అవదని కాదు. ఎప్పటిలాగే ఆన్ అవుతుంది. కానీ కొత్తగా బయటపడే భద్రతా లోపాలకి మామూలుగా వచ్చే మరమ్మతులు ఇక రావు. తలుపు ఉంటుంది, గొళ్లెం తుప్పు పడితే మార్చేవాడు ఉండడు. అంతే.

మరి విండోస్ 11 ఎందుకు ఎక్కదు? దానికి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ కావాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా 8వ తరం, లేదా ఆ తర్వాతది ఉండాలి. 8వ తరం 2017లో వచ్చింది. మన పిల్లల చేతుల్లో ఉన్నవి ఎక్కువగా సెకండ్ హ్యాండ్ మెషిన్లు. పట్నంలో ఏదో ఆఫీసు వాడి వదిలేసినవి, మూడో తరమో, ఐదో తరమో. వాటిలో కీబోర్డు బాగుంటుంది, స్క్రీన్ బాగుంటుంది, వర్డ్ ఫైల్ తెరవడానికి, పీడీఎఫ్ చదవడానికి, క్లాస్ వినడానికి సరిపడా శక్తి కూడా ఉంటుంది. అయినా కొత్త విండోస్ లిస్టులో వాటికి చోటు లేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ ల్యాప్‌టాప్ కొన్న డబ్బు ఎక్కడిదో మనకి తెలుసు. కాఫీ పండు కోసి ఎండబెట్టి అమ్మిన డబ్బు. సంతలో మిరియాలు, పసుపు, చింతపండు అమ్మిన డబ్బు. స్కాలర్‌షిప్ పడ్డాక అందులో మిగిల్చిన డబ్బు. దాన్ని నాలుగు మాటల్లో "పనికిరాదు" అని తేల్చేస్తే మనం తల ఊపి కొత్త దానికి వాయిదాలు కట్టడానికి సంతకం పెట్టేస్తున్నాం. షాపు వాళ్లు చెడ్డవాళ్లని మేం అనడం లేదు. వాళ్ల వ్యాపారం వాళ్లది. కానీ మన డబ్బు సంగతి మనమే అడగాలి కదా.

ఇప్పుడు మన ముందు నాలుగు దార్లు ఉన్నాయి.

మొదటిది, ఏమీ చేయకుండా విండోస్ 10నే అలా వాడేయడం. చాలామంది చేస్తున్నది ఇదే. "నా దగ్గర దొంగిలించడానికి ఏముందన్నా?" అంటారు. ఏముందా? ఆధార్ కాపీ, కుల ధ్రువీకరణ పత్రం, బ్యాంకు పాస్‌బుక్ ఫోటో, స్కాలర్‌షిప్ పోర్టల్ పాస్‌వర్డ్, అమ్మ ఖాతా నంబరు. ఇవన్నీ డెస్క్‌టాప్ మీదే పడి ఉంటాయి. వెంటనే మారలేని వాళ్లకి ఒక వెసులుబాటు ఉంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యి, విండోస్ అప్‌డేట్ పేజీలో నమోదు చేసుకుని, సెట్టింగులు వాళ్ల దగ్గర బ్యాకప్ పెట్టుకుంటే డబ్బు కట్టకుండానే 2026 అక్టోబర్ 13 వరకు అదనపు భద్రతా అప్‌డేట్లు ఇస్తామని కంపెనీ ప్రకటించింది. అది ఊపిరి తీసుకోవడానికి దొరికిన టైమ్ మాత్రమే.

రెండోది, షాపులో "క్రాక్" విండోస్ 11 ఎక్కించుకోవడం. లిస్టులో లేని మెషిన్‌కి ఏదో కిటుకుతో ఎక్కిస్తారు, లైసెన్స్ లేకుండా ఆక్టివేట్ చేస్తారు. ఆ ఆక్టివేటర్ నడవాలంటే ముందు ఆంటీవైరస్ ఆపేయమంటారు. ఒక్కసారి ఆలోచించండి. ఎవరు తయారు చేశారో తెలియని ప్రోగ్రామ్‌ని, కాపలా తీసేసి మరీ, మన ఇంట్లోకి పిలుస్తున్నాం. హాస్టల్లో పెన్‌డ్రైవ్ పెట్టగానే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయే వైరస్ మనందరం చూసిందే. రికార్డు వర్కు, ప్రాజెక్టు ఫైళ్లు దాని పాలైన వాళ్లు మన గ్రూపులోనే ఉన్నారు.

మూడోది, కొత్తది కొనడం. స్థోమత ఉండి, చదువుకి నిజంగా అవసరమైతే కొనండి. మేం వద్దనం.

నాలుగోది, లినక్స్‌కి మారడం. మేం చెప్పేది దీని గురించే.

లినక్స్ అనగానే నల్ల తెర మీద ఆకుపచ్చ అక్షరాలు, సినిమాలో హ్యాకర్లు గుర్తొస్తారు. కానీ మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ నడిచేది లినక్స్ కెర్నల్ మీదే. ఏడో తరగతి నుంచి అన్న ఫోన్ లాక్కుని వాడిన ప్రతి ఒక్కరూ లినక్స్ వాడినట్టే. ప్రపంచంలోని టాప్ 500 సూపర్ కంప్యూటర్లన్నీ 2017 నుంచి దీని మీదే నడుస్తున్నాయి. దీన్ని 1991లో మొదలుపెట్టింది ఫిన్లాండ్‌లోని హెల్సింకి యూనివర్సిటీలో చదువుకుంటున్న 21 ఏళ్ల కుర్రాడు, లైనస్ టోర్వాల్డ్స్. తను రాసిన దాన్ని అందరికీ ఇచ్చేశాడు. ప్రపంచమంతా తలో చెయ్యి వేసి పెంచింది.

కాపీ చేసి పక్కవాడికి ఇవ్వడం ఇక్కడ దొంగతనం కాదు. లైసెన్సే ఆ హక్కు ఇస్తుంది. మన ఊళ్లలో సామ విత్తనం, చోడి విత్తనం ఒకరి ఇంటి నుంచి ఇంకొకరు అడిగి తెచ్చుకుంటారు. పండాక తిరిగి ఇస్తారు, లేదా ఇంకొకరికి ఇస్తారు. ప్రతి ఏడాదీ కంపెనీ దగ్గర ప్యాకెట్టు కొనాల్సిన విత్తనానికీ, ఇంటి గాదెలో దాచుకున్న విత్తనానికీ తేడా మన పెద్దవాళ్లని అడిగితే చెబుతారు. కంప్యూటర్‌లో కూడా అలాంటి తేడాయే ఇది.

లినక్స్‌లో చాలా రకాలున్నాయి. కొత్తవాళ్లకి మేం చెప్పేది ఒక్కటే పేరు, లినక్స్ మింట్. కింద మెనూ, పక్కన గడియారం, ఫోల్డర్లు, అన్నీ విండోస్ అలవాటున్న కళ్లకి తెలిసినట్టే ఉంటాయి. కనీసం 2 జీబీ ర్యామ్, 20 జీబీ ఖాళీ చాలని, 4 జీబీ ఉంటే మేలని వాళ్లే చెబుతారు. 2024లో వచ్చిన మింట్ 22కి 2029 వరకు సపోర్ట్ ఉంది. పాత మెషిన్ అయితే అందులోనే తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం తీసుకోండి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్, వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్ లాంటి పనులు చేసే లిబ్రే ఆఫీస్, పీడీఎఫ్ రీడర్ అందులోనే వస్తాయి. వాట్సాప్, గూగుల్ మీట్, డిజీలాకర్, స్కాలర్‌షిప్ పోర్టల్, యూట్యూబ్ క్లాసులు బ్రౌజర్‌లో నడుస్తాయి. జూమ్‌కి లినక్స్ వెర్షన్ ఉంది. పైథాన్, సీ, జావా నేర్చుకునే వాళ్లకైతే ఇంతకన్నా మంచి చోటు లేదు.

మన పిల్లలకి ఇది కష్టం అనేవాళ్లకి కేరళ చూపిస్తాం. అక్కడి ప్రభుత్వ బడుల కంప్యూటర్లు ఏళ్ల తరబడి లినక్స్ మీదే నడుస్తున్నాయి. ఊరి బడిలో చదివే పిల్లలు, వయనాడ్ ఆదివాసీ పిల్లలతో సహా, ఐటీ పాఠం దాని మీదే నేర్చుకుంటున్నారు. వాళ్లకి వచ్చింది మనకి రాదా?

ఇక రెండో వైపు. లినక్స్ గురించి గొప్పలు మాత్రమే చెప్పే వాళ్ల మాట కూడా పూర్తిగా నమ్మొద్దు. పనిచేయనివి ఉన్నాయి. అవి ముందే తెలిస్తే తర్వాత తిట్టుకోరు.

అసలు మైక్రోసాఫ్ట్ ఆఫీస్ దీంట్లో ఇన్‌స్టాల్ అవదు. లిబ్రే ఆఫీస్ ఆ ఫైళ్లను తెరుస్తుంది, సేవ్ చేస్తుంది, కానీ టేబుళ్లు, ఫాంట్లు ఒక్కోసారి అటూ ఇటూ జరుగుతాయి. పేజ్‌మేకర్, అను స్క్రిప్ట్‌లతో డీటీపీ పని చేసి నాలుగు రూపాయలు సంపాదించుకునే వాళ్లు విండోస్ తీసేయొద్దు. ఫోటోషాప్, ఆటోక్యాడ్ వాడే కోర్సుల వాళ్లూ అంతే. కొన్ని కంపెనీలు, కాలేజీలు ఆన్‌లైన్ పరీక్షకి ప్రత్యేక బ్రౌజర్ వేసుకోమంటాయి, వాటిలో చాలా వరకు విండోస్ మీదే నడుస్తాయి. మీసేవ లాంటి సెంటర్ నడిపే వాళ్లు వేలిముద్ర మెషిన్ సంగతి ముందు కనుక్కోవాలి. పాత ల్యాప్‌టాప్‌లలో కొన్నింటికి వైఫై వెంటనే పట్టదు. అప్పుడు ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది, ఆ నెట్‌తో డ్రైవర్ దింపుకోవచ్చు.

ఇంకో నిజం. 2 జీబీ ర్యామ్ మెషిన్‌లో పది ట్యాబ్‌లు తెరిస్తే లినక్స్ కూడా నత్తలాగే నడుస్తుంది. పాత హార్డ్ డిస్క్ తీసి చిన్న ఎస్ఎస్‌డీ వేస్తే, ఇంకో 4 జీబీ ర్యామ్ కలిపితే వచ్చే తేడా చాలా పెద్దది. కొత్త ల్యాప్‌టాప్ వాయిదాల కన్నా ఆ ఖర్చు చాలా తక్కువ. "లినక్స్‌కి వైరస్‌లు రావు" అనే మాట కూడా పూర్తిగా నిజం కాదు. తక్కువ, అంతే. తెలియని లింక్ నొక్కి పాస్‌వర్డ్ ఇచ్చేస్తే ఏ సిస్టమూ కాపాడలేదు.

"ఉద్యోగానికి ఎమ్మెస్ ఆఫీసే అడుగుతారు కదా?" అని ఒక చెల్లి అడిగింది. మంచి ప్రశ్న. కంప్యూటర్ టెస్టుల్లో వర్డ్, ఎక్సెల్ అడిగే మాట నిజమే. అలాంటి పరీక్ష ముందుంటే రెండూ ఉంచుకోండి. ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, లినక్స్ పక్కపక్కన పెట్టుకోవచ్చు, ఆన్ చేసినప్పుడు ఏది కావాలో అడుగుతుంది. ఆ ఏర్పాటులో నెట్ పనులన్నీ లినక్స్‌లో చేసుకుని, విండోస్‌ని నెట్ లేకుండా ఆఫీస్ ప్రాక్టీస్‌కి వాడుకోండి. ఎక్సెల్‌లో సమ్ ఫార్ములా, ఇఫ్ ఫార్ములా ఎందుకు వాడతారో అర్థమైన వాళ్లకి లిబ్రే ఆఫీస్‌లోనూ అదే ఫార్ములా. ఏ బొమ్మ ఎక్కడుందో మాత్రమే బట్టీ పట్టిన వాళ్లకి వెర్షన్ మారినా కష్టమే. మనకి ఇచ్చే ట్రైనింగులు కూడా బొమ్మ చూపించి వదిలేయకుండా పని నేర్పాలని మనం అడగాలి.

భాష సంగతి విడిగా చెప్పాలి. మింట్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు సెట్టింగుల్లోకెళ్లి జోడించుకోవచ్చు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు రావాలంటే ఐబస్ అనేది వేసుకోవాలి. ఇది తెలుగు వరకు. మరి మన భాషలు? సవర భాష రాసే సొరాంగ్ సొంపెంగ్ లిపి 2012లో యూనికోడ్‌లోకి వచ్చింది. మసారాం గోండి 2017లో, ఆదిలాబాద్ జిల్లా గుంజాల పేరుతో ఉన్న గుంజాల గోండి 2018లో వచ్చాయి. వీటికి ఉచిత నోటో ఫాంట్లు ఉన్నాయి. ఆ ఫాంట్లు విండోస్‌లో కూడా వేసుకోవచ్చు, దాంట్లో తేడా లేదు. తేడా ఎక్కడంటే, లినక్స్‌లోని ప్రోగ్రామ్‌ల మెనూలను ఎవరైనా తమ భాషలోకి మార్చుకునే హక్కు ఉంది. "ఫైల్", "సేవ్", "వెనక్కి" అనే మాటలు గోండిలో, కువిలో, కోయలో పెట్టాలని మనం అనుకుంటే ఏ కంపెనీ పర్మిషనూ అక్కర్లేదు. పది మంది కూర్చుంటే చాలు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ ఉచిత సాఫ్ట్‌వేర్ మీద, తెలుగులో కంప్యూటర్ మీద చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. అలాంటి వాళ్ల దగ్గర నేర్చుకోవచ్చు. మన భాషకి మార్కెట్ లేదని ఎవరూ ముట్టుకోకపోవచ్చు. మనం ముట్టుకోవడానికి మాత్రం అడ్డు ఉండకూడదు.

సరే, ఎలా మారాలి? ఈ వరస తప్పొద్దు.

1. ముందు ఫైళ్లు కాపాడుకోండి. సర్టిఫికెట్లు, ఫోటోలు, ప్రాజెక్టులు రెండు చోట్ల పెట్టండి, ఒకటి పెన్‌డ్రైవ్ లేదా బయటి డిస్క్, ఇంకొకటి డ్రైవ్‌లో. అమ్మమ్మల దగ్గర రికార్డ్ చేసిన పాటలుంటే అవి ముందు. అను ఫాంట్‌లో టైప్ చేసిన తెలుగు ఫైళ్లను విండోస్ ఉండగానే యూనికోడ్‌లోకి మార్చుకోండి, లేకపోతే తర్వాత పిచ్చి గీతల్లా కనిపిస్తాయి.

2. డిస్క్‌కి బిట్‌లాకర్ తాళం ఉందేమో చూడండి. ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి.

3. మింట్ ఫైల్ దాదాపు 3 జీబీ ఉంటుంది. రోజు ప్యాక్‌తో అందరూ విడివిడిగా దించడం దండగ. ఒక్కరు, అసలు వెబ్‌సైట్ నుంచే దించి, 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో రూఫస్ లాంటి ప్రోగ్రామ్‌తో ఎక్కించండి. ఆ పెన్‌డ్రైవ్‌లో ముందున్నవి పోతాయి, గుర్తుంచుకోండి. తర్వాత అదే అందరికీ తిరుగుతుంది.

4. ఇన్‌స్టాల్ చేయకముందే చూడండి. పెన్‌డ్రైవ్ పెట్టి, ఆన్ చేస్తూ ఎఫ్12, ఎఫ్9, ఎస్క్ లాంటి మీట నొక్కితే, కంపెనీని బట్టి మారుతుంది, పెన్‌డ్రైవ్ నుంచే మింట్ తెరుచుకుంటుంది. డిస్క్‌లో ఏదీ మారదు. వైఫై, సౌండ్, కెమెరా, ప్రింటర్ చూసుకోండి. ఒక పూట వాడండి. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసేసి రీస్టార్ట్ చేయండి, మీ విండోస్ ఎప్పటిలా ఉంటుంది.

5. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "పక్కన పెట్టు" అనే దానికీ, "డిస్క్ మొత్తం తుడిచెయ్" అనే దానికీ తేడా చూసి నొక్కండి. రెండోది నొక్కితే వెనక్కి రాదు. ఛార్జర్ పెట్టే ఉంచండి, కరెంటు నమ్మకం లేని రోజు మొదలుపెట్టొద్దు.

6. పరీక్షలు, అప్లికేషన్ చివరి తేదీలు దగ్గరున్న వారం ముట్టుకోవద్దు. దసరా, సంక్రాంతి సెలవులు మంచి టైమ్.

చివరగా మా ప్రతిపాదన. ప్రతి హాస్టల్ నుంచి ఇద్దరు నేర్చుకోవాలి. గర్ల్స్ హాస్టళ్ల నుంచి తప్పకుండా ఇద్దరు అమ్మాయిలు. ఎందుకంటే చెల్లెళ్లు సాయంత్రం బయటికి రాలేరు. ల్యాప్‌టాప్‌కి ఏమొచ్చినా ఏ అన్నకో, షాపుకో ఇచ్చి పంపాలి. లోపల ఫోటోలు, చాటింగులు, పాస్‌వర్డ్‌లు అన్నీ ఉన్న మెషిన్‌ని తెలియని చేతుల్లో రెండు రోజులు వదిలేయాలి. ఆ ఇబ్బంది వాళ్లకే తెలుసు. తమ మెషిన్ తామే విప్పి, తామే సిస్టమ్ ఎక్కించుకోగలిగితే ఆ భయం పోతుంది. లినక్స్ గురించి మేం ఇంత పెద్ద పోస్టు రాయడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే.

ఐటీడీఏల కింద యువ శిక్షణ కేంద్రాలున్నాయి. ఒక ఆదివారం ఒక గది, కరెంటు, నాలుగు బల్లలు అడుగుదాం. డబ్బులు అడగడం లేదు కదా. పాడేరు, సీతంపేట, రంపచోడవరం, భద్రాచలం, ఏటూరునాగారం, ఉట్నూరు వైపు వాళ్లు మీ దగ్గర ఎవరు ముందుకొస్తారో కింద రాయండి. మెషిన్ మోడల్, ర్యామ్ ఎంత, ఏ పనికి వాడతారు, ఈ మూడూ రాస్తే మీకు మారడం మంచిదో, ఆగడం మంచిదో తెలిసిన వాళ్లం చెబుతాం. మారొద్దు అని చెప్పాల్సి వస్తే అదీ చెబుతాం.

మాతో ఒప్పుకోని వాళ్లు కూడా రాయండి. వాదించుకుందాం, తప్పులేదు. అంతవరకు మాత్రం ఎవరూ ల్యాప్‌టాప్ అమ్మేయకండి.

జోహార్!